ఫోర్డ్ పత్రికను అచ్చేసిన ప్రెస్ ఇదేనా? ఆయన నిజంగానే చదవలేదా?

ముందు మీరు అడిగింది ఒకసారి చెప్పుకుందాం. మీరు మిషిగన్‌లో ఉద్యోగం చేస్తున్నారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను డియర్‌బార్న్‌కి తీసుకెళ్లి, కార్ల కంపెనీ హెన్రీ ఫోర్డ్ పేరిట ఉన్న మ్యూజియం, దాని పక్కనే పాతకాలపు కట్టడాలు తెచ్చి పెట్టిన గ్రీన్‌ఫీల్డ్ విలేజ్ చూపించారు. అక్కడి పాతకాలపు అచ్చాఫీసులో చేత్తో లాగే యంత్రం మీద కాగితం అచ్చేసి చూపిస్తుంటే మీ నాన్నగారు ముచ్చటపడ్డారు. పక్కన నిలబడ్డ ఒకాయన మాత్రం “ఈ ఫోర్డేగా యూదుల మీద విషం చిమ్మిన పత్రిక నడిపింది” అన్నాడట. ఆ పత్రికను అచ్చేసిన ప్రెస్ అదేనా, ఫోర్డ్ దాన్ని చదవకుండానే అచ్చుకు వదిలాడని కొందరంటారు, అది నిజమేనా అన్నవి మీ రెండు ప్రశ్నలు.

నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు. విజయవాడ గవర్నర్‌పేటలో ట్రెడిల్ (కాలితో తొక్కే చిన్న అచ్చు యంత్రం) దగ్గర కాగితాలు అందించే కుర్రాడిగా మొదలుపెట్టి, సీసం అక్షరాలు పేర్చే కంపోజిటర్‌నై, చివరి పదిహేనేళ్లు రోటరీ మెషిన్ మీద పనిచేసి రిటైరయ్యాను. మా అబ్బాయి కూడా మీ వైపే, నోవైలో ఉంటాడు. వాడి దగ్గరికి వెళ్లినప్పుడు మీరు చూసిన ఆ అచ్చాఫీసులోనే నేను రెండు గంటలు కూర్చున్నాను. ఆ వాసన తగిలితే నాకు కాళ్లు కదలవు. తిరిగొచ్చాక ఈ పత్రిక గురించి దొరికినవన్నీ చదివాను. కాబట్టి కొంచెం పొడుగ్గా చెబుతాను, ఓపిక పట్టండి.

మొదటి ప్రశ్నకు జవాబు, కాదు. గ్రీన్‌ఫీల్డ్ విలేజ్ 1929లో మొదలైంది. ఆ పత్రిక 1927 డిసెంబరుతోనే మూతపడింది. అక్కడ మీరు చూసినవి అంతకు ముందు తరాలవారు చిన్న ఊళ్లలో కరపత్రాలు, పెళ్లిపత్రికలు వేసుకున్న బాపతు యంత్రాలు. ఫోర్డ్ పత్రిక పేరు డియర్‌బార్న్ ఇండిపెండెంట్. దాని ఆఫీసు, ప్రెస్ ఆయన ట్రాక్టర్ల ఫ్యాక్టరీలోనే పెట్టారు. ఒకవైపు ట్రాక్టర్లు, ఒకవైపు పత్రిక.

చేత్తో లాగే యంత్రం మీద ఇద్దరు మనుషులు ఒళ్లు వంచి చేస్తే గంటకు రెండు వందల షీట్లు పడతాయి, అదీ ఒక వైపే. డియర్‌బార్న్ ఇండిపెండెంట్ 16 పేజీల వారపత్రిక. 1920ల మధ్యలో అది వారానికి ఏడు లక్షల కాపీలు దాటింది. ఒక్కో దెబ్బకు నాలుగు పేజీలు పడతాయనుకున్నా, ఒక వారం సంచికకు 28 లక్షల సార్లు ఆ పిడి లాగాలి. రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఒక యంత్రం మీద దాదాపు ఐదేళ్లు! కాపీ 50 గ్రాములు తూగిందనుకుంటే వారానికి 35 టన్నుల కాగితం కావాలి. ఇది నా అంచనా లెక్కే. కానీ ఇంత పని రీలు కాగితం మింగే రోటరీ మీద తప్ప జరగదు. ఏ ప్రెస్ అన్నదానికంటే ఈ 35 టన్నుల సంగతి ముఖ్యం. ఆ కాగితం ఎవరి డబ్బుతో వచ్చింది, కట్టలు ఎవరు మోశారు అన్నది తెలిస్తే మీ రెండో ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

అసలు కార్లు చేసే మనిషికి పత్రిక ఎందుకు? ఆయనకు పత్రికలంటే ఒళ్లుమంట. 1915లో యూరప్ యుద్ధం ఆపిస్తానని ఒక ఓడ అద్దెకు తీసుకుని శాంతి యాత్రకు బయల్దేరితే పత్రికలు నవ్విపోశాయి. 1916లో షికాగో ట్రిబ్యూన్ ఆయన్ని అరాచకవాది అని సంపాదకీయం రాసింది. ఆయన పది లక్షల డాలర్లకు పరువు నష్టం దావా వేశాడు. 1918లో సెనేట్‌కి పోటీచేసి ట్రూమన్ న్యూబెరీ చేతిలో కొద్ది వేల ఓట్లతో ఓడిపోయాడు. తన మాట జనానికి నేరుగా చేరాలంటే మధ్యలో ఇంకొకడి పత్రిక ఉండకూడదని అనుకున్నాడు. ఊళ్లో నడవలేక నడుస్తున్న డియర్‌బార్న్ ఇండిపెండెంట్‌ని ఆ ఏడాది చివర్లో కొనేశాడు. ఫోర్డ్ చేతికొచ్చాక తొలి సంచిక 1919 జనవరి 11న వచ్చింది. పేరు కింద ‘ఫోర్డ్ అంతర్జాతీయ వారపత్రిక’ అని వేసుకున్నారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ట్రిబ్యూన్ దావా విచారణ 1919 వేసవిలో, డెట్రాయిట్‌కి దగ్గర్లోని మౌంట్ క్లెమెన్స్ అనే చిన్న ఊళ్లో జరిగింది. అవతలి లాయర్లు ఫోర్డ్ అజ్ఞాని అని నిరూపించాలని బోనులో నిలబెట్టి చరిత్ర ప్రశ్నలు అడిగారు. అమెరికా విప్లవం ఎప్పుడంటే 1812 అన్నాడు. బెనెడిక్ట్ ఆర్నాల్డ్ ఎవరంటే రచయిత అనుకుంటా అన్నాడు. వాళ్ల దేశంలో ఆ పేరు దేశద్రోహికి మారుపేరు, బడిపిల్లాడికి కూడా తెలుసు. ఒక కాగితం ఇచ్చి చదవమంటే కళ్లజోడు తెచ్చుకోలేదన్నాడు. చివరికి కేసు గెలిచాడు, కానీ జ్యూరీ ఇప్పించిన నష్టపరిహారం ఆరు సెంట్లు. దేశంలోకెల్లా ధనవంతుల్లో ఒకడికి ఆరు సెంట్లు! ఆ అవమానం తర్వాత ఆయనకు పత్రికల మీద ఇంకా కచ్చ పెరిగి ఉంటుందని నా ఊహ.

పత్రికకు మొదటి సంపాదకుడు ఎడ్విన్ పిప్. డెట్రాయిట్ న్యూస్‌లో పేరు మోసిన ఎడిటర్. ఆయన ఉన్నన్నాళ్లూ పత్రిక చప్పగా, ఎవరికీ హాని చేయకుండా నడిచింది. రైతుల గురించి, ప్రపంచ శాంతి గురించి వ్యాసాలు. చదివేవాళ్లు అంతంతమాత్రం. ఫోర్డ్ మాత్రం సంభాషణ ఎక్కడ మొదలుపెట్టినా యూదుల మీదికే తెచ్చేవాడని, చివరికి ఆ ప్రచారం పత్రికలోకి రాబోతోందని తెలిసి పిప్ రాజీనామా చేశాడు. ఉద్యోగం వదిలేసి ఊరుకోలేదు కూడా. సొంతంగా ఒక చిన్న వారపత్రిక పెట్టి లోపల జరిగిన సంగతులు రాశాడు. ఈ కథలో నాకు నచ్చిన మనిషి ఈయనే.

పిప్ కుర్చీలోకి విలియం కామెరాన్ వచ్చాడు. మంచి చెయ్యి తిరిగిన రచయిత. ఫోర్డ్ ముక్కలు ముక్కలుగా మాట్లాడితే దాన్ని నున్నగా అల్లి ‘మిస్టర్ ఫోర్డ్ పేజీ’ అని రాసింది ఈయనే. వెనక నుంచి వ్యవహారం నడిపింది ఫోర్డ్ ఆంతరంగిక కార్యదర్శి ఎర్నెస్ట్ లీబోల్డ్. 1920 మే 22 సంచిక మొదటి పేజీ మీద ‘అంతర్జాతీయ యూదుడు: ప్రపంచ సమస్య’ అన్న శీర్షిక పడింది. అక్కణ్ణుంచి వరసగా 91 వారాలు, 1922 జనవరి దాకా, వారం తప్పకుండా అదే పాట. యుద్ధాలకు కారణం యూదులే, బ్యాంకులు వాళ్లవే, సినిమాలు వాళ్లవే, జాజ్ సంగీతం చెడగొట్టింది వాళ్లే, చివరికి బేస్‌బాల్‌లో మోసానికి కూడా వాళ్లే కారణం. రాసినవాళ్ల పేర్లు ఉండవు. ఆ వ్యాసాలను నాలుగు సంపుటాలుగా విడిగా కూడా వేశారు.

వీటన్నిటికీ వెన్నెముక ‘సియోను పెద్దల ప్రోటోకాల్స్’ (అంటే సమావేశాల నివేదికలు) అని చెప్పుకునే ఒక దొంగ పత్రం. యూదు పెద్దలు రహస్యంగా కూడి ప్రపంచాన్ని ఆక్రమించే పథకం వేసుకున్నారన్నట్టు రాసి ఉంటుంది. 1903లో రష్యాలో మొదటిసారి అచ్చయింది. అక్కణ్ణుంచి వలస వచ్చినవాళ్ల ద్వారా ఫోర్డ్ మనుషుల చేతికి చేరింది. 1921 ఆగస్టులో లండన్ టైమ్స్ విలేకరి ఫిలిప్ గ్రేవ్స్ దాని గుట్టు విప్పాడు. 1864లో మూడో నెపోలియన్‌ని ఎద్దేవా చేస్తూ మారిస్ జోలీ అనే ఫ్రెంచి లాయర్ రాసిన రాజకీయ సంవాదంలోంచి పేరాలకు పేరాలు ఎత్తేశారని, ఆ అసలు రచనలో యూదుల ప్రస్తావనే లేదని రెండింటినీ పక్కపక్కన అచ్చేసి చూపించాడు. అది తేలిపోయాక కూడా డియర్‌బార్న్‌లో రోటరీ ఆగలేదు. పత్రం అసలుదో నకిలీదో తమకు అనవసరమని, లోకంలో జరుగుతున్నదానికి అది సరిపోతోందని ఫోర్డ్ వాదన! అచ్చుతప్పు పడితే మర్నాడు ‘సవరణ’ వేసుకునే వృత్తిలో బతికినవాడికి ఈ మాట ఎంత వింతగా ఉంటుందో చెప్పలేను.

ఇప్పుడు కట్టల సంగతి. పత్రిక బతకాలంటే రెండు కాళ్లు, ఒకటి పాఠకుడి రూపాయి, రెండోది ప్రకటనదారు రూపాయి. చెత్త రాస్తే ఏజెంట్ దగ్గర్నుంచి రిటర్న్స్ వస్తాయి. కట్ట విప్పకుండా తిరిగొచ్చిన కాపీలు గోడౌన్‌లో పేరుకుంటుంటే ఎడిటర్‌కి రాత్రి నిద్ర పట్టదు. ఆ టెన్షన్ మంచిది. ఫోర్డ్ పత్రికకు ఆ రెండు కాళ్లూ అక్కర్లేకపోయింది. ప్రకటనలు అసలు తీసుకోలేదు. కాపీ ఐదు సెంట్లు, దాంతో కాగితం ఖర్చు కూడా రాదు. నష్టం ఫోర్డ్ జేబులోంచి పోతుంది. ఇక పాఠకుడంటారా, ఆయన్ని వెతకాల్సిన పనే లేదు. ఊరూరా ఫోర్డ్ కార్ల డీలర్లు ఉన్నారు. వాళ్లకు కార్లకు కోటా ఉన్నట్టే పత్రిక చందాలకూ కోటా పెట్టారు. పాపం డీలర్ ఏం చేస్తాడు? కారు కొన్నవాడికి చందా అంటగట్టేవాడు, కొత్త కారు సీటు మీద ఒక కాపీ పడేసేవాడు, అదీ కాకపోతే తనే చందాలు కట్టి కోటా నింపేవాడు. ఆ ఏడు లక్షల్లో కావాలని కొన్నవి ఎన్నో, తలకు చుట్టినవి ఎన్నో తేల్చడం కష్టం. కానీ కట్ట మాత్రం అమెరికాలో ప్రతి చిన్న ఊరికీ చేరింది. అప్పట్లో న్యూయార్క్ పత్రిక చేరని పల్లెకు కూడా ఫోర్డ్ కారు చేరింది, కారుతోపాటు ఇదీ చేరింది.

మనకూ వ్యాపారి డబ్బుతో నడిచిన పత్రిక ఉంది కదా, ఇందులో తప్పేముంది అనొచ్చు. నిజమే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనం అమ్మిన డబ్బుతోనే 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక పెట్టారు, 1914లో మద్రాసుకి తెచ్చి దినపత్రిక చేశారు. తర్వాత భారతి. యజమాని వ్యాపారి అయినంత మాత్రాన పత్రిక చెడిపోదు. అది చదివి నచ్చనివాడు మానేసే వీలుండాలి. తలనొప్పికి అమృతాంజనం కొన్నవాడు ఆంధ్రపత్రిక కొనక్కర్లేదు. డియర్‌బార్న్‌లో ఆ వీలు తీసేశారు.

నిరసనలు రాకపోలేదు. నన్ను కదిలించింది ఒక చిన్న సంగతి. లియో ఫ్రాంక్లిన్ అని డెట్రాయిట్‌లో బెత్ ఎల్ ఆలయానికి రబ్బీ, అంటే యూదుల గురువు. ఒకప్పుడు ఫోర్డ్ ఇంటి పక్కనే ఆయన ఇల్లు. స్నేహం కొద్దీ ఫోర్డ్ ఏటా ఆయనకు ఒక కొత్త మోడల్ టీ కారు బహుమతిగా పంపేవాడు. వ్యాసాలు మొదలై నెల తిరక్కముందే, 1920 జూన్‌లో, ఫ్రాంక్లిన్ ఆ ఏడాది కారును ఉత్తరం రాసి తిప్పి పంపేశాడు. కొన్ని రోజులకు ఫోర్డ్ ఫోన్ చేసి, ఏమైంది, మన మధ్య ఏమైనా వచ్చిందా అని అడిగాడట. నటన కాదని నేననుకుంటాను. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. తను మాట్లాడుతున్నది ‘చెడ్డ యూదుల’ గురించి, ఫ్రాంక్లిన్ ‘మంచివాడు’ కదా, మరి ఆయనకెందుకు కోపం? మన ఊళ్లలో ఈ తర్కం విననివాళ్లు ఎవరైనా ఉంటే చేతులెత్తండి. “మిమ్మల్ని కాదండీ, మీరు వేరు” అని ఎదురుగా కూర్చోబెట్టుకుని మరీ కులాన్ని తిట్టేవాళ్లను నేను చాలామందిని చూశాను.

1921 జనవరిలో జాన్ స్పార్గో అనే రచయిత పూనుకుని, యూదులు కాని ప్రముఖుల చేత ఈ ప్రచారాన్ని ఖండిస్తూ ఒక ప్రకటన ఇప్పించాడు. అందులో అధ్యక్షుడు విల్సన్, మాజీ అధ్యక్షుడు టాఫ్ట్ సంతకాలున్నాయి. చాలామంది యూదులు ఫోర్డ్ కార్లు కొనడం మానేశారు. 1922 జనవరిలో ఫోర్డ్ హఠాత్తుగా వ్యాసాలు ఆపించాడు. అప్పటికి ఆపాడంతే.

1924లో మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి గురి ఆరన్ సాపిరో మీద. కాలిఫోర్నియా లాయర్, యూదుడు, రైతుల చేత సహకార సంఘాలు పెట్టించి పంటకు ధర రాబట్టడంలో దిట్ట. సహకార సంఘాల పేరుతో యూదులు అమెరికా వ్యవసాయాన్ని చేజిక్కించుకుంటున్నారని, దానికి సాపిరో ముందుండి నడుపుతున్నాడని వరసపెట్టి రాశారు. అక్కడే దొరికిపోయారు. అమెరికా చట్టం ప్రకారం ఒక జాతి మొత్తాన్ని తిడితే దావా వేయడం కుదరదు. ఎవరి పరువు పోయిందని వేస్తారు? ఒక మనిషి పేరు పెట్టి రాస్తే మాత్రం ఆ మనిషి వేయొచ్చు. 91 వారాలు ఎవరూ కోర్టుకు లాగలేకపోయిన ఫోర్డ్‌ని, 1925లో సాపిరో ఒక్కడు పది లక్షల డాలర్లకు లాగాడు.

1927 మార్చిలో డెట్రాయిట్ ఫెడరల్ కోర్టులో విచారణ. ఫోర్డ్ తరఫున మిస్సోరీ సెనేటర్ జేమ్స్ రీడ్, సాపిరో తరఫున విలియం గాలగర్. మీ రెండో ప్రశ్న పుట్టింది ఈ కోర్టులోనే. ఎడిటర్ కామెరాన్‌ని రోజుల తరబడి బోనులో నిలబెట్టారు. ఆయన చెప్పింది ఒకటే: వ్యాసాలకు బాధ్యత నాది, ఫోర్డ్ గారు ముందుగా చదవలేదు, వాటి గురించి నాతో చర్చించలేదు. ఎన్నిసార్లు తిప్పి అడిగినా ఆ గీత దాటలేదు. ఆ తర్వాత అదే పత్రికలో ఒకప్పుడు పనిచేసిన జేమ్స్ మిల్లర్ అనే ఆయన్ని పిలిస్తే, సాపిరో బండారం బయటపెడతానని ఫోర్డ్ తనతోనే అన్నాడని చెప్పాడు.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. చదవకుండా అచ్చేయడమంటే ఏమిటో నాకు బాగా తెలుసు. కంపోజిటర్‌కి ఎడమచేతిలో స్టిక్ (అక్షరాలు లైనుగా పేర్చే చిన్న పట్టీ), ఎదురుగా మాన్యుస్క్రిప్ట్, కుడిచెయ్యి కేసులో అక్షరాల గూళ్ల మీద తిరుగుతుంటుంది. అక్షరాలు తిరగబడి ఉంటాయి. కన్ను ఒత్తు చూస్తుంది, గుడి చూస్తుంది, లైను నిండిందా లేదా చూస్తుంది. అర్థం చూడదు. సాయంత్రం ఇంటికెళ్తే మా ఆవిడ “ఇవాళ ఏం కంపోజ్ చేశావు?” అంటే చెప్పలేకపోయేవాణ్ణి. ఒక ఎన్నికల ముందు రాత్రి మా ప్రెస్‌కి ఒక కరపత్రం వచ్చింది. అర్జంటు, రేటు ఎంతైనా సరే అన్నారు. నేను ముప్పాతిక వంతు కట్టేశాను. ప్రూఫ్ తీసి మా ఓనరు చేతికిస్తే ఆయన చదివి నావైపు చూశాడు. “నువ్వు చదివావా ఇది?” అన్నాడు. ఒక కులం ఆడవాళ్ల గురించి రాయకూడని రాతలు. కింద ప్రెస్ పేరు వేయొద్దని కూడా చెప్పి వెళ్లారట. అప్పట్లో అమల్లో ఉన్న 1867 నాటి చట్టం ప్రకారం ఏ కాగితం అచ్చేసినా ఎవరు ఎక్కడ అచ్చేశారో దాని మీద ఉండాల్సిందే. మేం దాన్ని ప్రింట్ లైన్ అంటాం. ఓనరు డబ్బు తిప్పి ఇచ్చేశాడు. నేను కట్టినదాన్ని అక్షరం అక్షరం విప్పి మళ్లీ గూళ్లలో పోశాను. అప్పుడు చదివాను దాన్ని. కట్టేటప్పుడు కనబడని మాటలు విప్పేటప్పుడు కనబడ్డాయి. తెల్లారేసరికి అదే కరపత్రం ఇంకో ప్రెస్‌లో అచ్చయి, ప్రింట్ లైన్ లేకుండా మా వీధిలో గుమ్మాల కింద పడి ఉంది.

అందుకే ఫోర్డ్ చదవలేదన్న మాటను నేను పట్టించుకోను. చదవలేదనే అనుకుందాం. ఆయన పుస్తకాలు, పత్రికలు పెద్దగా చదివే మనిషి కాడన్నది నిజమే. కంపోజిటర్ చదవకపోతే దానికి కారణం ఉంది, వాడి పని అది. రోటరీ మీద ఫోర్‌మన్ చదవకపోతే అర్థం చేసుకోవచ్చు. కాగితం కొన్నవాడు, డీలర్లకు కోటా పెట్టినవాడు, పత్రిక పేరు కింద తన పేరు అచ్చేయించుకున్నవాడు ఎనిమిదేళ్లు చదవలేదంటే? పిప్ రాజీనామా చేశాడు, పొరుగు రబ్బీ కారు తిప్పి పంపాడు, దేశాధ్యక్షుడు సంతకం పెట్టి ఖండించాడు. అప్పటికైనా ఒక కాపీ తెప్పించుకుని చూడడా? పైగా ఆ రాతలన్నీ ఆయన నోట తరచూ వచ్చే మాటలేనని పిప్ దగ్గర్నుంచి మిల్లర్ దాకా దగ్గరగా చూసినవాళ్లు చెప్పారు. కామెరాన్ అల్లాడు, లీబోల్డ్ నడిపాడు, సరుకు మాత్రం ఫోర్డ్‌దే.

తర్వాత జరిగింది సినిమా కథలా ఉంటుంది. సాక్ష్యానికి ఫోర్డ్ వంతు రాబోతుండగా, మార్చి 27 ఆదివారం రాత్రి, ఆయన ఒక్కడే కారు నడుపుకుంటూ ఇంటికి వెళ్తుంటే వేరే కారు గుద్దడంతో ఆయన కారు రూజ్ నది గట్టు మీద నుంచి కిందికి పోయింది. దెబ్బలు తగిలి ఆస్పత్రిలో చేరాడు. బోనెక్కే గండం తప్పింది. అది ప్రమాదమో ఇంకేమో అని అప్పుడే అందరూ గుసగుసలాడారు. ఏప్రిల్‌లో ఒక జ్యూరీ సభ్యురాలు పత్రికకు ఇంటర్వ్యూ ఇవ్వడంతో జడ్జి విచారణ రద్దుచేశాడు. మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాలి, మళ్లీ బోను. మౌంట్ క్లెమెన్స్‌లో పడ్డ పాట్లు ఫోర్డ్‌కి గుర్తుండే ఉంటాయి.

ఇటు వ్యాపారం కూడా బాగాలేదు. మోడల్ టీకి కాలం చెల్లి మే నెలలో ఆపేశారు. కొత్త కారు మోడల్ ఏ ఇంకా రాలేదు. యూదు కొనుగోలుదారులు దూరమై ఉన్నారు. ఫోర్డ్ తన మనుషుల్ని అమెరికన్ యూదు కమిటీ అధ్యక్షుడు లూయీ మార్షల్ దగ్గరికి పంపాడు. ఏం రాసిస్తే సంతకం పెట్టాలో మీరే రాయండి అన్నారు. మార్షల్ రాశాడు. పనుల ఒత్తిడిలో పత్రికలో ఏం వస్తోందో చూసుకోలేకపోయాననీ, చూసి సిగ్గుపడ్డాననీ, యూదులకు చేసిన అన్యాయానికి క్షమాపణ అడుగుతున్నాననీ సారాంశం. ఫోర్డ్ అక్షరం మార్చలేదు. 1927 జూలై 8న పత్రికలన్నిటా వచ్చింది. కింద హెన్రీ ఫోర్డ్ అని సంతకం ఉంది. ఆ సంతకం పెట్టింది తనేనని ఆయన అనుచరుడు హ్యారీ బెనెట్ చాలా ఏళ్లకు చెప్పుకున్నాడు. యజమాని చేతిరాతను అచ్చు గుద్దినట్టు అనుకరించడం అతనికి అలవాటట. చదవకుండా వేసిన వ్యాసాలకు, రాయని క్షమాపణ మీద, పెట్టని సంతకం! కల్పించి రాస్తే ఎవరూ నమ్మరు.

సాపిరోకి కోర్టు ఖర్చులు ఇచ్చి రాజీ చేసుకున్నారు. డిసెంబరు నెలాఖరుకి పత్రిక మూతపడింది. కామెరాన్ ఉద్యోగానికి ఏమీ కాలేదు. 1930లలో ఫోర్డ్ వాళ్ల ఆదివారం రేడియో సంగీత కార్యక్రమంలో విరామంలో నీతులు చెప్పిన గొంతు ఆయనదే.

ప్రెస్ మూసేస్తే అచ్చయింది వెనక్కి రాదు. ఆ నాలుగు సంపుటాలు అప్పటికే చాలా భాషల్లోకి వెళ్లాయి. జర్మనీలో థియోడర్ ఫ్రిట్ష్ అనే ఆయన వేసిన అనువాదం ముద్రణ మీద ముద్రణ పడింది. మ్యూనిక్‌లో హిట్లర్ ఆఫీసు గోడ మీద ఫోర్డ్ ఫోటో ఉందని 1922 డిసెంబరులోనే న్యూయార్క్ టైమ్స్ రాసింది. 1938లో ఫోర్డ్ 75వ పుట్టినరోజుకు జర్మన్ ప్రభుత్వం ఇచ్చిన పెద్ద పతకాన్ని ఆయన కాదనకుండా పుచ్చుకున్నాడు. యుద్ధం అయ్యాక 1946లో న్యూరెంబర్గ్ విచారణలో హిట్లర్ యువజన దళాల నాయకుడు బాల్దుర్ ఫాన్ షిరాఖ్ కుర్రతనంలో తనను యూదుల మీద ద్వేషానికి మళ్లించింది ఆ పుస్తకమేనని చెప్పాడు. అంటే ట్రాక్టర్ ఫ్యాక్టరీలో తిరిగిన ఆ రోటరీ మూతపడి పద్దెనిమిదేళ్లు దాటాక సముద్రం అవతల కోర్టులో దాని పేరు వినబడింది.

మళ్లీ వెళ్లినప్పుడు గ్రీన్‌ఫీల్డ్ విలేజ్‌లో స్మిత్స్ క్రీక్ అనే చిన్న రైల్వే స్టేషన్ తప్పకుండా చూడండి. పదిహేనేళ్ల ఎడిసన్ 1862లో నడిచే రైల్లో సామాన్ల పెట్టెలో చిన్న ప్రెస్ పెట్టుకుని సొంతంగా పత్రిక కంపోజ్ చేసి, అచ్చేసి, ప్రయాణికులకు తనే అమ్మేవాడు. ఆ లైన్లోని స్టేషనే అది. ఎడిసన్ అంటే ఫోర్డ్‌కి దేవుడితో సమానం, అందుకే దాన్ని ఊడదీయించి తెచ్చి పెట్టుకున్నాడు. మీ నాన్నగారికి నచ్చుతుంది.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. 2019 జనవరికి ఫోర్డ్ ఆ పత్రికను చేతిలోకి తీసుకుని వందేళ్లు నిండాయి. డియర్‌బార్న్ పురపాలక సంఘం డబ్బుతో ఆ ఊరి చరిత్ర గురించి డియర్‌బార్న్ హిస్టారియన్ అని ఒక చిన్న పత్రిక వచ్చేది. దాని ఎడిటర్ బిల్ మెక్‌గ్రా పాత పత్రికా విలేకరి. వందేళ్ల సందర్భమని డియర్‌బార్న్ ఇండిపెండెంట్ చరిత్ర మొత్తం రాసి ముఖచిత్ర కథగా వేశాడు. సంచిక అచ్చయింది. చందాదారులకు పంపబోతుంటే మేయర్ ఆపించాడు. ఎడిటర్‌ని తీసేశారు. కట్టలు ఆఫీసులోనే ఉండిపోయాయి. అప్పటికి ఆ వ్యాసం ఒక డెట్రాయిట్ వెబ్‌సైట్‌లో వచ్చేసింది. మా అబ్బాయి లింకు పంపితే నేను గవర్నర్‌పేటలో టీ కొట్టు దగ్గర నిలబడి ఫోన్లో చదివాను.